ఎరువుల వ్యాపారి తీసిన దయ్యాల సినిమా

ఇంటర్వెల్‌లో హాలు బయటకు వచ్చి, గోళీసోడా తాగుతూ, "ఈమాత్రం సినిమా నేనూ తీయగలనండీ!" అనని మగవాడు మన దేశంలో పుట్టి ఉండడు. అయితే భగవంతుడి దయవల్ల సోడా అయిపోయేసరికి ఆ మాటా అయిపోతుంది. గంట మ్రోగుతుంది. మనం మళ్ళీ లోపలికి వెళ్ళి, బుద్ధిగా కూర్చుని, ఎవరో తీసిన సినిమా చూసి, ఇంటికి పోయి అన్నం తింటాం. లోకం క్షేమంగా ఉంటుంది.

అమెరికాలో ఒక పెద్దమనిషి మాత్రం ఆ మాట అని ఊరుకోలేదు. 1966లో నిజంగానే సినిమా తీసిపారేశాడు. ఆయన పేరు హెరాల్డ్ వారెన్. ఊరు టెక్సస్ రాష్ట్రంలో మెక్సికో సరిహద్దున ఉన్న ఎల్ పాసో. వృత్తి భీమా పాలసీలూ, ఎరువులూ అమ్మడం. ప్రవృత్తి నాటకాలు. మన ఊళ్ళలో పగలంతా దస్తరాలు తిరగేసే గుమాస్తాగారు సాయంత్రానికి గద భుజాన వేసుకుని దుర్యోధనుడైపోయేవారే, సరిగ్గా అటువంటి మనిషన్నమాట.

ఆ రోజుల్లో టెలివిజన్‌లో "రూట్ 66" అని ఒక ధారావాహిక వచ్చేది. అందులో వారెన్‌గారు అలా నడిచిపోయే వేషం ఒకటి వేశారు. ఆ సందర్భంలో దాని రచయిత స్టర్లింగ్ సిలిఫాంట్‌తో స్నేహం కుదిరింది. సిలిఫాంట్ సామాన్యుడు కాడు. తరువాత 1968లో "ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్" చిత్రరచనకు ఆస్కార్ బహుమానం అందుకున్నవాడు. ఒకనాడు ఇద్దరూ ఎల్ పాసోలో కాఫీ త్రాగుతుండగా మాటల్లో దయ్యాల సినిమాల ప్రసక్తి వచ్చింది. "దయ్యాల సినిమా తీయడం ఏమంత బ్రహ్మవిద్య? నేనొక్కణ్ణే తీసి చూపిస్తాను. పందెం!" అన్నారు వారెన్‌గారు. అని, అక్కడికక్కడే, మూతి తుడుచుకునే కాగితం మీద కథ వ్రాయడం మొదలుపెట్టారట.

కాఫీకి అంతటి శక్తి ఉన్నదని మన వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు గదా!

చేతులు: విధి చేతులు

ఆ చిత్రరాజం పేరు "మానోస్: ది హాండ్స్ ఆఫ్ ఫేట్". "మానోస్" అంటే స్పానిష్ భాషలో చేతులు. కనుక ఆ పేరును తెలుగులో చెబితే "చేతులు: విధి చేతులు" అవుతుంది. గేటుకు "తలుపు గేటు" అని బోర్డు కట్టినట్లు! మొదట అనుకున్న పేరు "ది లాడ్జ్ ఆఫ్ సిన్స్", అంటే పాపాల సత్రం. అది నయమే అనిపిస్తుంది గాని, తరువాత వారెన్‌గారికి చేతుల మీదికి మనసు పోయింది. ఆయన చేసే తీరు చూసి విసిగిన సిబ్బంది వెనక చాటున ఆ సినిమాకు "మాంగోస్: కాన్స్ ఆఫ్ ఫ్రూట్" అని ముద్దుపేరు పెట్టుకున్నారట. అంటే "మామిడిపళ్ళు: డబ్బాల్లో పళ్ళు". మామిడిపండు పేరు ఇంతకన్నా అన్యాయంగా ఎవరూ వాడుకుని ఉండరు.

పెట్టుబడి 19,000 డాలర్లు. సినిమాకు అది చాలదని మనకు తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకని నటులకు జీతాలు లేవు. లాభాలలో వాటా ఇస్తానన్నారు. స్థానిక నాటక బృందం నుంచి నటీనటులనూ, ఒక మోడలింగ్ సంస్థ నుంచి అమ్మాయిలనూ పిలుచుకొచ్చారు. ఒక వకీలుగారి తోటబంగళా షూటింగుకు దొరికింది. కథ, మాటలు, దర్శకత్వం, నిర్మాణం, హీరో వేషం అన్నీ వారెన్‌గారే. ఎరువు కూడా ఆయనదే అని కొందరు గిట్టనివాళ్ళు అన్నారు గాని, మనం అంత దూరం పోవద్దు.

కెమెరా సంగతి ముందుగా చెప్పాలి. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో వాడే పెద్ద కెమెరా కాదది. చేత్తో తాళం త్రిప్పే 16 మిల్లీమీటర్ల కెమెరా. మన గోడగడియారానికి తాళం ఇచ్చినట్లు స్ప్రింగు బిగించాలి. ఒకసారి బిగిస్తే 32 సెకండ్లు తిరుగుతుంది, ఆగిపోతుంది. కాబట్టి ఆ చిత్రంలో ప్రేమైనా, భయమైనా, మరణమైనా ఏకబిగిన 32 సెకండ్లకు మించరాదు. హీరో భార్యను ఓదార్చడం మొదలుపెట్టి ముప్పయ్యో సెకండుకు తేల్చేయాలి. పోనీ, సంసారంలో ఇది ఆచరణయోగ్యమే అనుకోండి!

ఆ కెమెరాకు శబ్దం పట్టుకునే వీలు లేదు. మాటలన్నీ తరువాత నలుగురైదుగురు కూర్చుని చెప్పేశారు. ఇన్ని పాత్రలకు ఆ కాసిని గొంతులే! ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. దీనివల్ల ఒక చిన్నపిల్లకు జరిగినదేమిటో తరువాత చెబుతాను.

కథాసంగ్రహం

మైకేల్, ఆయన భార్య మార్గరెట్, కూతురు డెబ్బీ, ఒక కుక్కపిల్ల కారులో విహారానికి బయలుదేరి దారి తప్పుతారు. మైకేల్ వేషం మన వారెన్‌గారిదే. చీకటి పడే వేళకు ఒక ఒంటరి ఇల్లు కనిపిస్తుంది. గుమ్మంలో టోర్గో అనే వాచ్‌మన్ నిలబడి ఉంటాడు. గడ్డం, టోపీ, చేతికర్ర, వాటితోపాటు బస్తాల్లా ఉబ్బిన రెండు మోకాళ్ళు. యజమాని ఊళ్ళో లేనప్పుడు ఇంటి బాగోగులు తానే చూస్తుంటానంటాడు. ఆడపిల్ల రావడం యజమానికి ఇష్టముండదంటాడు. ఉండనివ్వడం ఇష్టముండదంటాడు. ఇంకెవరైనా అయితే "సరే, నమస్కారం" అని వెనక్కు తిరుగుతారు. మైకేల్ మాత్రం సామాను లోపల పెట్టమంటాడు. కాసేపటికి భయం వేసి, మళ్ళీ కారులో పెట్టమంటాడు. టోర్గో ఆ మోకాళ్ళతోనే ఆ సామాను మోస్తాడు. అతను కదిలినప్పుడల్లా ఒకే సంగీతం వస్తుంది. సినిమా అయిన మూడు రోజులదాకా అది మన చెవులు వదలదు.

ఆ ఇంటి యజమానిని అందరూ "మాస్టర్" అంటారు. మాస్టర్ అంటే మన బడిపంతులు కాదు. ఆరుబయట రాతిపలక మీద నిద్రపోయే దుష్టదేవతోపాసకుడు. చుట్టూ తెల్లటి వస్త్రాలతో స్తంభాలకు ఆనుకుని నిద్రపోయే భార్యలు. ఒకరు కాదు, ఇద్దరు కాదు. ఆయన మేలుకోగానే వాళ్ళూ మేలుకుంటారు. వెంటనే, వచ్చిన వాళ్ళలో పసిపిల్లను ఏం చేయాలన్న విషయం మీద వాళ్ళలో వాళ్ళకు వాదన పుట్టి, అది ముదిరి, ఇసుకలో పడి జుట్లు పట్టుకుంటారు. లోకాన్ని గడగడలాడించే మాంత్రికుడు ఇంట్లో తగవు తీర్చలేక తల పట్టుకోవడం ఈ సినిమాలో చాలా సహజంగా వచ్చిన ఘట్టం.

తరువాత టోర్గోకు శిక్షగా చెయ్యి కాలుతుంది. ఆ మండే చేత్తోనే అతను చీకట్లోకి పరుగెత్తుతాడు. మైకేల్ పిస్తోలు తీసి మాస్టర్‌ను ఎదురుగానే కాలుస్తాడు. మాస్టర్‌కు ఏమీ కాదు. ఆ తరువాత గుమ్మం దగ్గర టోర్గో స్థానంలో మైకేల్ నిలబడి ఉంటాడు, యజమాని లేనప్పుడు ఇంటి బాగోగులు చూసేది తానే అంటూ. భార్య మాస్టర్ భార్యల్లో చేరిపోయింది. కూతురు కూడా.

సకుటుంబంగా చూశాం

ఈ చిత్రాన్ని నేను మా ఇంట్లో టెలివిజన్‌లో సకుటుంబంగా చూశాను. నిడివి గంటా పది నిమిషాల చిల్లరే.

మొదట కారు ప్రయాణం. పొలాలు, రోడ్డు, కారు. మళ్ళీ పొలాలు, రోడ్డు. అక్కడ నటీనటుల పేర్లు వేద్దామనుకుని, వేయడం మరచిపోయారని చెబుతారు. మా అమ్మ కాసేపు చూసి, "ఒరే, వీళ్ళు ఊరు చేరేలోగా నేను కుక్కరు పెట్టి వస్తాను" అని లేచింది. కుక్కరు మూడు కూతలు కూసింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి కారు ఇంకా పోతూనే ఉంది. "మొగుడికి దారి తెలియకపోతే ఆ పిల్ల ఎవరినైనా అడగమని చెప్పవచ్చుగా!" అన్నది. మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది. నేను సినిమా వైపు చూశాను.

మధ్యలో ఒక యువజంట కారు ఆపుకుని ముద్దులాడుకుంటూ ఉంటారు. పోలీసులు వచ్చి పొమ్మంటారు. కాసేపటికి మళ్ళీ అదే జంట, మళ్ళీ అదే పని, మళ్ళీ పోలీసులు. వీళ్ళకూ కథకూ సంబంధమేమిటని మా అమ్మ అడిగింది. సంబంధం లేదు. ఆ అమ్మాయికి మొదట వేరే వేషం ఇచ్చారు. షూటింగు మొదట్లోనే ఆమె కాలు విరిగింది. ఇంటికి పంపేయడం ఇష్టం లేక వారెన్‌గారు ఆమెను కారులో కూర్చోబెట్టి ఈ దృశ్యాలు కల్పించారు. కారణం విన్న తరువాత మా అమ్మ ఆ జంటను ఏమీ అనలేదు. "పోనీలే పాపం, కాలు విరిగినా పని పోగొట్టలేదు" అన్నది.

రాత్రి దృశ్యాలన్నీ నిజంగా రాత్రే తీశారు. దీపాల వెలుగుకు ఎక్కడెక్కడి పురుగులూ వచ్చి వాలాయి. హీరోయిన్ భయపడుతూ ఉంటే, ఆమె ముఖం ముందు పురుగులు తమ వేషం తాము వేసుకుంటూ పోతాయి. పిస్తోలు చప్పుడు విని పోలీసులిద్దరు కారు దిగుతారు. నాలుగడుగులు వేస్తారు. చీకట్లోకి అటూ ఇటూ చూస్తారు. తిరిగి వచ్చి కారెక్కి కూర్చుంటారు. పోలీసు వారిని అంటున్నానని అనుకోవద్దు. ఉన్న దీపాల వెలుగు ఆ నాలుగడుగుల వరకే వస్తుంది. అయిదో అడుగు వేస్తే వాళ్ళు కనిపించరు! ఒకచోట దృశ్యానికి ముందు కొట్టే క్లాపు పలక కూడా క్షణం సేపు కనబడి దాక్కుంటుంది.

ఇక టోర్గో మోకాళ్ళు. కథ ప్రకారం అతను సగం మనిషి, సగం మేక. ప్యాంటు క్రింద తొడిగిన ఏర్పాటు మేక కాళ్ళలా అగుపించాలని వాళ్ళ ఉద్దేశం. కాని ఆ సంగతి సినిమాలో ఒక్కరూ ఒక్క మాటైనా చెప్పరు. అందుచేత మా అమ్మ సినిమా అంతా అతనికి బోదకాలనే అనుకుని, "అంత జబ్బు మనిషి చేత అన్ని పెట్టెలు మోయిస్తారా? వీళ్ళ కడుపు కాల!" అని హీరోను శాపనార్థాలు పెట్టింది. దయ్యాల సినిమాలో దయ్యం కొలువులో ఉన్నవాడి మీద జాలి పుట్టించడం ఎంత పెద్ద దర్శకులకైనా మాటలు కాదు.

మా ఆవిడ మాత్రం మాస్టర్ అంగరఖా నుంచి కళ్ళు త్రిప్పలేదు. నల్లని అంగీ మీద ఎర్రని పెద్ద చేతులు రెండు కుట్టి ఉంటాయి. ఆయన రెండు చేతులూ చాచగానే ఆ ఎర్రని వేళ్ళు రెక్కల్లా విచ్చుకుంటాయి. "ఏమండీ, సినిమా ఎలా ఉన్నా ఆ కుట్టు చూడండి. తెలిసిన చెయ్యే!" అన్నది.

నిజంగా తెలిసిన చెయ్యే. ఆ కుట్టు వెనక ఒక కుటుంబం ఉన్నది.

ఒక ఇంటివారంతా

మాస్టర్ వేషం వేసినాయన పేరు టామ్ నేమన్. ఎల్ పాసో నాటకరంగంలో నటుడు, చిత్రకారుడు, శిల్పి. ఆ అంగరఖా ఆయన ఊహ. సినిమాలో గోడకు వేలాడే మాస్టర్ చిత్రపటం ఆయన వేసిందే. ఎక్కడ పడితే అక్కడ కనిపించే చేతుల బొమ్మలు ఆయన చేసినవే. దుస్తులు కుట్టింది ఆయన భార్య. చిత్రపటంలో మాస్టర్ పక్కన కూర్చున్న నల్లని వేటకుక్క వాళ్ళ పెంపుడు కుక్క. దారి తప్పిన చిన్నపిల్ల డెబ్బీ ఎవరనుకున్నారు? టామ్‌గారి కూతురు జాకీ. అప్పటికి ఆరేడేళ్ళు. అంటే తండ్రి దుష్ట మాంత్రికుడు, కూతురు అతని వాత పడే పసిబిడ్డ. తల్లి ఇద్దరికీ బట్టలు కుట్టి పంపించింది.

లాభాల్లో వాటా అన్నారు గదా! లాభాలు రాలేదు. కాని మొత్తం బృందంలో ప్రతిఫలం ముట్టినవారు ఇద్దరున్నారు. జాకీకి ఒక సైకిలు. కుక్కకు పెద్ద సంచీడు కుక్క తిండి. సినీ చరిత్రలో పెద్ద నటులందరికన్నా ముందు కుక్కకు బాకీ తీర్చిన నిర్మాత వారెన్‌గారే కావచ్చు.

ఆ రాత్రి

1966 నవంబరు 15. ఎల్ పాసోలోని కాప్రీ థియేటర్‌లో మొదటి ఆట. మెదడువాతపు పిల్లల సహాయనిధి కోసం ఏర్పాటు చేశారు. ఊరి పెద్దలందరినీ పిలిచారు. హాలీవుడ్‌లో లాగా ఆకాశంలోకి పెద్ద సెర్చిలైటు వేశారు. తారలు కార్లలో దిగాలి గదా! దొరికింది ఒక్కటే ఖరీదైన కారు. అందుకని ఆ కారు కొందరు నటులను గుమ్మంలో దించి, చుట్టు తిరిగి పోయి, వీధి మలుపులో కాచుకుని ఉన్న మరికొందరిని ఎక్కించుకుని, మళ్ళీ హుందాగా వచ్చి ఆగేది. పెళ్ళివారింట ఒక్క పట్టుచీర తోటి నలుగురు తోడికోడళ్ళూ వంతులవారీగా పేరంటానికి వెళ్ళినట్లు!

దీపాలు ఆరిపోయాయి. బొమ్మ మొదలైంది. కాసేపు హాలంతా నిశ్శబ్దం. తరువాత ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ పక్కవారు అందుకున్నారు. తరువాత హాలు హాలంతా నవ్వు. భయపడవలసిన ప్రతి చోటా నవ్వు. నటీనటులు సీట్లలో క్రిందికి జారారు. వారెన్‌గారూ, మరికొందరూ సినిమా అయ్యేలోగా మెల్లగా బయటకు జారుకున్నారు.

ఆ హాల్లోనే చిన్నారి జాకీ కూడా కూర్చుని ఉంది. తెర మీద తన ముఖం కనిపించింది. తన నోరు కదిలింది. బయటకు వచ్చింది మాత్రం తన గొంతు కాదు. చిన్నపిల్లలా మాట్లాడబోయే ఎవరో పెద్ద ఆడమనిషి గొంతు! ఆ పిల్ల ఏడ్చేసింది.

మన బళ్ళలో వార్షికోత్సవాలకు పిల్లలు పద్యం నేర్చుకుని, పౌడరు రాసుకుని, వేదిక ఎక్కిన తరువాత మైకు పాడైపోతే వాళ్ళ ముఖాలు ఎలా అవుతాయో చూసిన వాళ్ళకు ఈ దుఃఖం వివరించి చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి హాల్లో లేనివాడు ఒకడున్నాడు. టోర్గో వేషం వేసిన జాన్ రేనాల్డ్స్. పాతికేళ్ళవాడు. మొదటి ఆటకు సరిగ్గా నెల రోజుల ముందు, అక్టోబరు 16న, ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ చేతికర్ర, ఆ వంకర నడక, ఆ వణికే మాట తెర మీద ఎలా ఉన్నాయో అతను జనంతో కలిసి చూసుకోనేలేదు. ఎప్పుడైనా ఈ సినిమా చూసే భాగ్యం మీకు కలిగితే టోర్గోను జాగ్రత్తగా గమనించండి. అందరూ పాఠం ఒప్పజెబుతుంటే, ఆ ఒక్క కుర్రవాడు మాత్రం తన వేషాన్ని నమ్మి వేశాడు. నవ్వు వస్తుంది, నిజమే. ఆ నవ్వుతోపాటు ఇంకేదో కూడా వస్తుంది.

సినిమా కొన్నాళ్ళు అక్కడక్కడ ఆడి ఆగిపోయింది. వారెన్‌గారు పందెం ప్రకారం గెలిచారు. సినిమా తీస్తానన్నారు, తీశారు. బాగుంటుందని పందెంలో లేదు గదా! తన చిత్రం ప్రపంచంలోకెల్లా చెత్త చిత్రం కావచ్చునని ఆయనే ఒప్పుకునేవారట. అయినా తీశానన్న గర్వం ఆయనను వదలలేదు. మాటలు మార్చి మళ్ళీ డబ్బింగ్ చేస్తే మంచి హాస్యచిత్రం అవుతుందని కూడా అన్నారట. 1985లో ఆయన కన్నుమూశారు.

రెండో నవ్వు

ఆయన పోయిన ఎనిమిదేళ్ళకు ఆయన అన్న మాట నిజమైంది.

అమెరికాలో "మిస్టరీ సైన్స్ థియేటర్ 3000" అని ఒక టెలివిజన్ కార్యక్రమం వచ్చేది. అందులో ఒక మనిషి, రెండు మరబొమ్మలు సినిమా హాల్లో ముందు వరసలో కూర్చున్నట్లు తెర అడుగున నీడల్లా కనిపిస్తారు. పైన ఏదో పాత చెత్త సినిమా పూర్తిగా ఆడుతుంది. వీళ్ళు దానికి అడుగడుగునా వ్యాఖ్యానం చేస్తుంటారు. మన నేల క్లాసు ప్రేక్షకులు వందేళ్ళుగా జీతం లేకుండా చేస్తున్న పనికి వాళ్ళు జీతం పుచ్చుకున్నారు, అంతే. కార్యక్రమం కథ ప్రకారం ఒక దుష్ట శాస్త్రజ్ఞుడు ఆ మనిషిని హింసించడానికి చెత్త సినిమాలు పంపిస్తుంటాడు. 1993 జనవరి 30న అతను పంపిన సినిమా "మానోస్". అది చూపించి, ఆ దుష్టుడే మనసు కరిగి, క్షమాపణ చెప్పుకున్నాడు!

అంతే, దేశమంతటా పేరు మ్రోగిపోయింది. ఒకప్పుడు ఊరు దాటలేని సినిమా ఇంటింటి మాట అయింది. టోర్గో వేషాలు వేసుకునేవారు బయలుదేరారు. నాటకంగా ఆడారు. సియాటిల్ నగరంలో బొమ్మలాటగా కూడా ఆడారు. 2011లో బెన్ సోలోవీ అనే యువ ఛాయాగ్రాహకుడు పాత ఫిల్ములు బేరమాడి కొంటే, ఆ చుట్టల్లో "మానోస్" అసలు ఫిల్ము దొరికింది. దానికి మరమ్మతు చేస్తానని ఆయన ప్రజలను చందాలడిగితే 48,000 డాలర్లకు పైగా వచ్చాయి. సినిమా తీయడానికి అయినది 19,000, బూజు దులపడానికి 48,000! డాలరు విలువ మారిందనుకోండి, అయినా లెక్క లెక్కే. 2015లో శుభ్రం చేసిన ప్రతి వెలువడింది. అంతవరకు మసకమసకగా కనిపించిన బొమ్మలో అంగరఖా ఎరుపు ఎంత ఎరుపో, కట్టిన దీపాలు ఎంత దూరం వెలిగాయో, లోకానికి తెలిసింది. పురుగులు కూడా ఒక్కొక్కటిగా లెక్కకు వచ్చాయి.

1966లో నవ్వినవారూ జనమే, 1993లో నవ్వినవారూ జనమే. తేడా ఏమిటని నేను చాలాసేపు ఆలోచించాను. మొదటి నవ్వు నవ్వినవాళ్ళు మళ్ళీ ఆ సినిమాను తలుచుకోలేదు. రెండో నవ్వు నవ్వినవాళ్ళు నవ్విన తరువాత అడగడం మొదలుపెట్టారు. ఎవరీ టోర్గో? ఏమయ్యాడు? ఆ బట్టలు ఎవరు కుట్టారు? ఆ పిల్ల ఇప్పుడెక్కడ? మన ఇళ్ళలోనూ అంతే గదా. పెళ్ళిలో జారిపడ్డ మామయ్యను చూసి పరాయివాడు నవ్వితే మనకు ఒళ్ళు మండుతుంది. అదే కథ ఏటా పండక్కి చెప్పుకుని మనమే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. ఆ మామయ్య పోయిన తరువాత ఆ నవ్వే ఆయన జ్ఞాపకం.

జాన్ రేనాల్డ్స్ ఈ రెండో నవ్వు వినలేదు. వారెన్‌గారూ వినలేదు. నేమన్ కుటుంబం విన్నది.

మా ఎనిమిదేళ్ళ అమ్మాయి సినిమా అంతా కేరింతలు కొడుతూ చూసి, ఆఖరి దృశ్యంలో డెబ్బీ కూడా మాస్టర్ గుంపులో చేరిపోయి ఉండడం చూసి మాత్రం ఒక్కసారిగా మౌనంగా అయిపోయింది. "నాన్నా, ఆ పాపని ఎవరూ తీసుకురారా?" అని అడిగింది. సినిమా మొత్తం మీద నిజంగా భయపెట్టే చోటు అదొక్కటే. పెద్దవాళ్ళం మోకాళ్ళు చూసి నవ్వుతూ ఆ సంగతి గమనించలేదు.

నేను దానికి జాకీ కథ చెప్పాను. ఆ పాప పెరిగి పెద్దదైంది. చిత్రకారిణి అయింది. తన చిన్ననాటి ఆ వేసవిని గురించి 2016లో ఒక పుస్తకం ప్రచురించింది. అభిమానులు పిలిస్తే వెళ్ళి ఆ సినిమా కబుర్లు చెబుతుంది. అంతటితో ఊరుకోలేదు. "మానోస్ రిటర్న్స్" అని తరువాతి కథ తీస్తే, అందులో మళ్ళీ డెబ్బీ వేషం వేసింది. మాస్టర్‌గా మళ్ళీ వాళ్ళ నాన్నగారే, ముసలితనంలో. సినిమా బయటకు రాకముందే, 2016లో, టామ్ నేమన్‌గారు కాలం చేశారు. 2018లో అది విడుదలైంది.

అదీ గొప్ప సినిమా అని నేను చెప్పబోవడం లేదు. కాని అందులో డెబ్బీ నోరు తెరిచినప్పుడు వచ్చేది జాకీ గొంతే.